దాచుకున్న ఈల

సమాధుల పండుగకు మూడు రోజుల ముందు పూల్‌సింగ్ మా ఇంటికి వచ్చాడు. మణుగూరు గనుల కాలనీలో ఎవరు ఊరికి వెళ్ళినా వాళ్ళ కుక్కలను కనిపెట్టుకుని ఉండటం అతని వృత్తి. కార్డు కూడా అచ్చు వేయించుకున్నాడు. పైన పేరు, కింద ‘పెంపుడు కుక్కల సంరక్షణ’ అని, ఆ కింద ఫోను నంబరు. వరంగల్లో పోలీసు కుక్కల దగ్గర పనిచేసి వచ్చానని చెప్పుకునేవాడు. మా పక్కింటి వనజ ఆ మాట నమ్మదు.

“పోలీసు కుక్కల దగ్గర కాదు, పోలీసోళ్ల దగ్గర వంట జేసిండట” అంటుంది. అయినా వాళ్ళు తిరుపతి పోయినప్పుడు తన పామరేనియన్‌ను అతనికే అప్పగించింది. నాకు అతని గురించి చెప్పిందీ ఆమే.

నాకు అలాంటి మనిషి అవసరం అంతకుముందు పడలేదు. నా భర్త ఇన్నయ్య ఉండగా ఇద్దరం కలిసి ఊరు వెళ్ళింది తక్కువ. ఆ ఏడు వానాకాలంలో ఆయనకు జ్వరం పట్టుకుంది. గనిలో ఎలక్ట్రీషియన్ పని. జ్వరానికి సెలవు పెట్టే అలవాటు లేని మనిషి. చివరికి జీపు మాట్లాడి భద్రాచలం దవాఖానాకు తీసుకువెళ్ళాం. అక్కడే పోయారు. ఇంటికి తేలేదు. కొత్తగూడెం మీదుగా నేరుగా వాళ్ళ సొంతూరికి, వైరా అవతలికి తీసుకెళ్ళి, వాళ్ళ అమ్మానాన్నల పక్కన సమాధి చేశాం.

మోతీ ఆయన జీపు ఎక్కడం చూసింది. అంతే చూసింది.

అది ఆయన కుక్క. గని దారిలో పిల్లగా దొరికితే టిఫిన్ సంచిలో వేసుకుని తెచ్చారు. ఆయన పోయాక అది కాలనీ మలుపు దగ్గర కూర్చునేది. ఏ జీపు ఆగినా లేచి వెళ్ళి లోపలికి తొంగి చూసి, తిరిగి వచ్చి అదే చోట కూర్చునేది. కాలనీ వాళ్ళు దాన్ని చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. “మూగజీవి. ఎంత విశ్వాసం ఉన్నదో చూడుండ్రి” అనుకునేవాళ్ళు. నేను బడి నుంచి వస్తూ ఆ మాటలు వింటూ పక్కనుంచి నడిచిపోయేదాన్ని. వేళకు అన్నం పెట్టేదాన్ని, నీళ్ళు పెట్టేదాన్ని. దాని తల మీద చెయ్యి మాత్రం వేయలేదు. ఒక కుక్క మీద నాకు కుళ్ళు పుట్టిందని ఎవరితో చెప్పుకోను?

పూల్‌సింగ్ వరండాలో కుర్చీ వేసినా కూర్చోకుండా, మోతీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

“ఏం తింటది టీచరమ్మా?”

“అన్నం, మజ్జిగ. ఆదివారం ఎముకలు.”

“దేనికి బెదుర్తది?”

“పటాకులకు.”

“పిలుపేంది?”

“మోతీ అంటే వస్తుంది.”

అతను నవ్వాడు. “పేరు అడగలే తల్లీ. పేరు లోకమంత పిలుస్తది. పిలుపు వేరే ఉంటది. ఇంటికొకటి ఉంటది. ఆఫీసర్ బంగ్లల అమ్మ ఉన్నదా, ఆమె ఎట్ల పిలుస్తదో ఇనుండ్రి.” గొంతు సన్నగా చేసి, చెయ్యి గాలిలో తిప్పుతూ, “బంటీ బేటా, ఆజా, ఆజా” అన్నాడు. అచ్చం ఆడమనిషి గొంతే. “మొన్న నేను గిట్ల పిలుస్తుంటే కుక్క కంటే ముందు ఆమె మొగడు ఉరికొచ్చిండు.”

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న వనజ పకపకా నవ్వింది. ఇంతలో వాళ్ళింట్లో కుక్కర్ కూత వేస్తే లోపలికి వెళ్ళిపోయింది.

“నేను గీ వరండలనే పండుకుంట. తాళంచెవి ఇయ్యకపోయినా ఫికర్ లేదు. పిలుపు ఇయ్యకుంటే మాత్రం పని ఒప్పుకోను. అది నా రూలు. సార్ ఎట్ల పిలిచేటోడు?”

ఇన్నయ్య ఈల వేసేవారు. డ్యూటీ దిగి వస్తూ, ఇల్లు ఇంకా కనబడకముందే, మలుపు దగ్గర నుంచి వేసేవారు. రెండు పొట్టివి, తరువాత ఒకటి పొడుగ్గా పైకి లేచి, పూర్తి కాకుండానే ఆగిపోయేది. మోతీ ఎక్కడున్నా పరుగెత్తేది. ఆ ఈల కుక్క కోసమే వేసేవారు. కాని అది వినగానే చాయ్ గిన్నె స్టవ్ మీద పెట్టేదాన్ని నేను. ఇన్నేళ్ళలో నన్ను ఆయన పేరు పెట్టి పిలిచిన సందర్భాలు నాకు పెద్దగా గుర్తు లేవు. ఈల మాత్రం రోజూ విన్నాను.

ఇప్పుడు దాన్ని ఈ మనిషికి ఇవ్వాలి. ఆఫీసరు భార్య గొంతు పక్కన దాన్ని కూడా పెట్టుకుంటాడు. రేపు ఇంకెవరి వరండాలోనో నిలబడి, ఇన్నయ్య సార్ ఎట్ల పిలిచేటోడో ఇనుండ్రి అంటాడు. అదీకాక, చెప్పాలంటే వేసి చూపించాలి. పరాయి మగవాడి ముందు మూతి ముడిచి ఈల వేయడం నావల్ల కాదు. బడిలో ఆడపిల్లలు ఈల వేస్తే మందలించేదాన్ని నేను.

“అట్లాగే. పేరు పెట్టే పిలిచేవారు” అన్నాను.

అతను పరీక్షించడానికి కొంచెం దూరం వెళ్ళి “మోతీ” అన్నాడు. అప్పటికే నేను అన్నం పళ్ళెం అతని చేతికి ఇచ్చి ఉన్నాను. మోతీ వెళ్ళింది. అతను తృప్తిగా తల ఊపాడు.

“మస్తు సాధు కుక్క. రంది పెట్టుకోకుండ పోయిరాండ్రి.”

మర్నాడు ఉదయం బస్సెక్కాను. కొత్తగూడెంలో మారి, వైరాలో దిగి, ఆటోలో మా ఆడబిడ్డ విశ్రాంతమ్మ ఇంటికి చేరాను. ఇన్నయ్యకు అక్క, నాకు వదిన. తమ్ముణ్ణి పెంచింది తనేనని ఎవరు వచ్చినా చెబుతుంది, అది నిజం కూడా. ఆయన పోయాక వచ్చే మొదటి సమాధుల పండుగ కాబట్టి బంధువులు చాలామంది వచ్చారు. ఆ మరునాడు పొద్దున అందరం వెళ్ళి సమాధుల మీద గడ్డి పీకి, సున్నం వేశాం. ఆయన సమాధి సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది. మిగతావాటి పక్కన దానికి సున్నం అవసరం లేదనిపించింది. అయినా వేశాం. పండుగనాడు సాయంత్రం ఫాదర్ వచ్చి దీవిస్తారు. అప్పుడు ప్రతి సమాధి మీదా ఇంటివాళ్ళు కొవ్వొత్తులు వెలిగించాలి. ఇన్నయ్య సమాధి మీద మొదటి కొవ్వొత్తి నేను వెలిగించాలని వదిన అందరికీ చెప్పి ఉంచింది.

మధ్యాహ్నం ఆడవాళ్ళం బంతిపూలు గుచ్చుతూ కూర్చున్నప్పుడు నా ఫోను మోగింది.

“టీచరమ్మా, పూల్‌సింగ్‌ని. గాబరపడకుండ్రి. మోతీ మెడపట్ట జారగొట్టుకుని ఉరికింది.”

“ఎక్కడికి?”

“జామాయిల్ తోటలకు. మీ ఇంటెనక. కనవడ్తనే ఉన్నది. నేను దగ్గరికి పోతే అది ఇంకింత లోపటికి పోతున్నది. మోతీ మోతీ అని గొంతు పోయింది నాది. సార్ పిలిచే తీరు ఇంకేమన్న ఉన్నదా?”

చుట్టూ ఆడవాళ్ళు పూలు ఆపి నా వైపు చూస్తున్నారు.

“లేదు” అన్నాను. “నాకు తెలిసి లేదు.”

“సరే. చూస్త తియ్యి.”

ఫోను పక్కన పెట్టి దారం అందుకున్నాను. “ఏందట?” అంది వదిన.

“ఏం లేదు. కుక్క తోటలోకి పోయిందట.”

“ఆకలైతే అదే వస్తది. ఆ దండ గట్టిగ గుచ్చు, పూలు ఊడుతున్నయి.”

మళ్ళీ గుచ్చాను. వేరే పిలుపు లేదన్నది అబద్ధమని తెలిసే చెప్పాను. చెప్పి, పూలు ఊడకుండా చూసుకుంటూ కూర్చున్నాను. తోట చివర అడవి మొదలవుతుందని నాకు తెలుసు. ఆ పక్క పొలాల వాళ్ళు పొద్దుగూకగానే అడవిపందుల కోసం కరెంటు తీగలు లాగుతారని కూడా తెలుసు. ఆవులు చచ్చాయి, ఒకసారి మనిషి చచ్చాడు. బడిలో పిల్లలకు అటు పోవద్దని చెప్పేదాన్ని. ఒకవేళ మోతీ రాకపోతే, మలుపు దగ్గర ఇంక ఎవరూ కూర్చోరు. ఆ ఆలోచన వచ్చినప్పుడు నేను దాన్ని వెంటనే తోసేయలేదు. కొంచెంసేపు ఉండనిచ్చాను.

పొద్దు వాలుతుండగా మళ్ళీ ఫోను. ఈసారి అతని గొంతులో మర్యాద తగ్గింది.

“టీచరమ్మా, వనజమ్మ వచ్చింది ఇప్పుడే డ్యూటీకెంచి. సార్ ఈలేసేటోడట గదా?”

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

“ఏమంటలేరు?”

“అవ్” అన్నాను.

“మరి లేదంటిరి. రెండుసార్లు అడిగితి. నేనేం దొంగనా? నా దగ్గర ఉన్న కుక్క ఇప్పటిదాక ఒక్కటి తప్పిపోలే. రేపు కాలనీల నా మొఖం ఎట్ల జూపియ్యాలె? పటేండ్ల చేన్ల కాడ తీగలు గుంజుతున్నరు. నా కండ్ల ముందటనే గుంజుతున్నరు.”

“వాళ్ళతో చెప్పలేదా?”

“చెప్పిన. కుక్కకోసం మా పంట అప్పజెప్పాల్నా అంటున్నరు. జల్దీ చెప్పుండ్రి, ఎట్ల ఈల?”

నేను మాటల్లో చెప్పాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, పైకి లేవాలి, చివర తెగిపోవాలి. అతను వేశాడు. సినిమాహాలులో వేసే ఈలలా ఉంది.

“అట్లా కాదు. మెత్తగా.”

మళ్ళీ వేశాడు. “చెవులు లేపింది. లేపి, కాదన్నట్టు మొఖం తిప్పుకున్నది. వనజమ్మ గూడ ఏసి చూసింది, ఆమెది ఇంక పాడు. మీరే ఏయుండ్రి.”

“నాకు రాదు.”

“ఇన్నరా లేదా రోజు?”

“విన్నాను.”

“ఇన్నోళ్లకు వస్తది. నాది చైనా ఫోను. స్పీకర్ పెడితే పెండ్లి మైకు లెక్క మోగుతది. తోట దిక్కు పట్టుకుంట. ఏయుండ్రి.”

పెరట్లో ఎవరూ లేరు. లోపల నుంచి ఆడవాళ్ళ మాటలు, చిన్నపిల్ల ఏడుపు వినబడుతున్నాయి. ఫోను మూతి దగ్గర పెట్టుకుని ఊదాను.

“గాలొస్తున్నది టీచరమ్మా. ఈల రాలే.”

పెదవులు తడుపుకున్నాను. చిన్నప్పుడు మా అన్నయ్యల పక్కన రహస్యంగా వేసినదే, ఆ తరువాత ఎప్పుడూ వేయలేదు. రెండోసారి కూడా గాలే. మూడోసారి పొట్టిది ఒకటి పలికింది. అప్పుడు కళ్ళు మూసుకుని, అది మలుపు దగ్గర నుంచి ఎలా వచ్చేదో అలాగే వేశాను. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, మధ్యలో ఆపేశాను.

ఆయనదే. ఎక్కడా తేడా లేదు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. వెనక తలుపు తెరుచుకుంది. విశ్రాంతమ్మ వదిన ఒళ్ళో పూలు కింద పోస్తూ బయటికి వచ్చింది. ఆమె నన్ను చూడలేదు. పెరటి గోడ వైపు, దొడ్డి వైపు చూసి, “ఎవరూ?” అంది. ఆ గొంతు నేను ఎన్నడూ విననిది. తరువాత నా చేతిలో ఫోను చూసింది.

“వస్తున్నది! టీచరమ్మా, మల్ల ఏయుండ్రి, ఆగకుండ్రి!” ఫోనులోంచి పూల్‌సింగ్ కేకలు ఆమెకూ వినబడుతున్నాయి.

వదిన చూస్తుండగానే మళ్ళీ వేశాను. తప్పలేదు.

“వచ్చింది. ఉరికురికి వస్తున్నది. అరె… అరె, నన్ను దాటిపోయింది. పట్టు వనజమ్మా! ఏందిది, రోడ్డు మీద ఉన్న జీపు లోపటికి ఎక్కి చూస్తున్నది. జీపు కింద చూస్తున్నది. ఆఁ, దొరికింది. పట్టుకున్న.” అతను రొప్పుతూ నవ్వాడు. “చూసిన్రా? ఇంతోటి దానికి పొద్దంత తిప్పల పెట్టిన్రు.”

వెనక మోతీ గొంతు వినబడుతోంది. మొరగడం కాదు. ఆయన ఇంటికి వచ్చినప్పుడు కాళ్ళ చుట్టూ తిరుగుతూ చేసే చప్పుడు, సంతోషం పట్టలేక చేసేది.

“ఏందో టీచరమ్మా, నా ఫోను నాకుతున్నది ఇది. గీ డబ్బల సార్ ఉన్నడనుకున్నదో ఏమో. ఇడుస్తలేదు.”

నేను ఫోను పెట్టేశాను.

వదిన అరుగు మీద కూర్చుంది.

“నువ్వా ఊదింది?”

“అవ్ వదినా.”

“నా పానం పోయినంత పనయింది. మావోడు చిన్నప్పటి లెక్క ఈలేసుకుంట దొడ్డిదారిల వస్తున్నడనుకున్న.” కొంగుతో మొహం తుడుచుకుంది. “పండుగపూట, చచ్చిపోయినోని గొంతు ఇంట్ల పలికిస్తవా? కుక్కను పిలవనీకె?”

చెప్పగలిగినవన్నీ సాకుల్లాగే ఉన్నాయి. లోపలికి వెళ్ళి, ఆమె ఒలకబోసిన పూలు ఏరాను.

తెల్లవారి నేనే పూల్‌సింగ్‌కు ఫోను చేశాను.

“ముట్టలేదు టీచరమ్మా. అన్నం ముట్టలేదు, నీళ్లు ముట్టలేదు. నా ఫోను దిక్కే చూస్తున్నది. ఫోను మోగితే చాలు లేచి నిలవడ్తున్నది, తోక ఊపుతున్నది. నాకు గిరాకీ ఫోన్లు వస్తయి గదా మరి? సప్పుడు రాకుండ బంద్ పెట్టిన. ఇప్పుడు మీది కండ్లవడ్డది గనుక ఎత్తిన.”

“నేను వస్తున్నాను.”

“ఇయ్యాల పండుగ గదా మీది?”

“వస్తున్నాను” అన్నాను మళ్ళీ.

దండ తీసుకుని సమాధి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. దండ పెట్టి, పరలోక జపం మొదలుపెట్టి, మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆయనకు ఇంకేదో చెప్పాలని వచ్చాను కాని, ఆయన గొంతుతో ఆయన కుక్కను మోసం చేశానని ఆ రాయి ముందు నిలబడి చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి సంచి సర్దుకున్నాను.

వదిన గుమ్మంలో అడ్డంగా నిలబడింది. వెనక బంధువులు.

“ఎటు?”

“ఇంటికి వదినా.”

“సాయంత్రం ఫాదర్ వస్తడు. మొగుని సమాధి మీద కొవ్వొత్తి ఎవరు పెట్టాలె?”

“నువ్వు పెట్టు. నువ్వే పెంచినవు.”

“అది నాకు చెప్పకు. కుక్క కోసం పోతున్నవా?”

నాకు బడి ఉందనవచ్చు. ఒంట్లో బాగాలేదనవచ్చు. అలాంటి మాట ఒకటి నాలుక మీదికి వచ్చింది కూడా.

“అవ్” అన్నాను. “కుక్క కోసమే.”

వెనక ఎవరో నవ్వారు. ఎవరో “చదువుకున్నోళ్లు” అన్నారు. వదిన నవ్వలేదు. నా మొహంలోకి కాసేపు చూసి, పక్కకు జరిగింది.

“నలుగురు ఏమంటరో ఎరుకేనా?”

“ఎరుకే.”

“పో మరి. బస్సు దొరకదు మళ్ల.”

మణుగూరులో దిగేసరికి ఎండ తగ్గింది. ఆటో ఇంటి ముందు ఆగగానే మోతీ లేచింది. దాన్ని వరండా స్తంభానికి తాడుతో కట్టి ఉంచాడు పూల్‌సింగ్. అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు కాని నమస్కారం పెట్టలేదు.

మోతీ ఆటోలోకి చూస్తోంది. నేను దిగాను. ఇంకా చూస్తోంది. నేను సంచి దింపుకుని ఆటోవాణ్ణి పంపించేశాను. ఆటో తిరిగి వెళ్ళి మలుపులో కనబడకుండా పోయేదాకా అది తాడు సాగదీసుకుని నిలబడింది. తరువాత నా వైపు తిరిగింది. నేను ఎవరినో దాచానన్నట్టు నా వెనక చూసింది.

“పొద్దటిసంది గిదే వరుస” అన్నాడు పూల్‌సింగ్. “మీరు నాకు ముందే చెప్పి ఉంటే మంచిగుండు. నేను ఏస్తే నేనే అని దానికి ఎరుకైతుండె. ఇప్పుడు చూడుండ్రి.”

“తప్పు నాదే” అన్నాను.

అతను జేబులోంచి తంబాకు తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు.

నేను మోతీ ముందు కింద కూర్చున్నాను. చీర మట్టిలో పడింది. వనజ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. మలుపు మీదుగా షిఫ్టు దిగినవాళ్ళు సైకిళ్ళ మీద వస్తున్నారు. వాళ్ళందరూ చూస్తారని తెలుసు.

“రాడు” అన్నాను దానితో. ఆయన పోయినప్పటి నుంచి ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. బడిలో సెలవు చీటీ మీద వేరే మాటలు రాశాను, బంధువులతో వేరే మాటలు చెప్పాను. “ఇంక రాడు. నిన్న పిలిచింది నేనే.”

దానికి ఏం అర్థమైందో తెలియదు. దాని చెవులు నా గొంతు వైపు తిరిగాయి. నా పెదవులు చూసింది. అవి ఈలకు ముడుచుకుంటాయేమోనని చూసినట్టుంది. నేను పెదవులు బిగపట్టి, చెయ్యి చాచి దాని తల మీద పెట్టాను. అది పక్కకు జరగలేదు. దగ్గరికీ రాలేదు.

స్తంభం దగ్గర తాడు బాగా బిగుసుకుపోయి ఉంది, పొద్దుటి నుంచి లాగి లాగి. పూల్‌సింగ్ విప్పడానికి వంగాడు. నేనే విప్పుతానన్నాను. గోళ్ళతో ఎంత పట్టినా ఆ ముడి రాలేదు. అతను సాయం చేయకుండా, వెళ్ళిపోకుండా అలాగే నిలబడ్డాడు. మోతీ కూడా నిలబడే ఉంది.